నాన్నకి ఎలుక జ్వరం వచ్చి తగ్గింది, ఇప్పుడు మళ్లీ పొలంలోకి దిగుతానంటున్నారు

ఈ వారం ఉత్తరం పెద్దది, నాలుగు పేజీలు. రాసినావిడ ఊరూ పేరూ వద్దన్నారు కాబట్టి దివిసీమలో ఒక పల్లె అనుకోండి చాలు. ఆవిడకి 36 ఏళ్లు, భర్తతో, ఏడేళ్ల బాబుతో హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఊళ్లో అమ్మానాన్నా ఉన్నారు, మూడెకరాల సొంత పొలం, ఇంకో రెండెకరాలు కౌలు. పోయిన సార్వా నాట్లప్పుడు 61 ఏళ్ల నాన్నకి జ్వరం వచ్చింది, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు చేయించుకున్నారు, వైడాల్ టెస్ట్ చేసి టైఫాయిడ్ అన్నారు, ఆరో రోజుకి కళ్లు పచ్చబడి మూత్రం ఆగిపోయింది. విజయవాడ తీసుకెళ్తే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం అని తేల్చారు. నాలుగు డయాలిసిస్‌లు, 18 రోజుల ఆస్పత్రి, అప్పు ఇంకా తీరలేదు, కానీ మనిషి దక్కాడు. ఇప్పుడు రిపోర్టులన్నీ బాగున్నాయట.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఆయన మళ్లీ నారుమడిలోకి దిగుతానంటున్నారు, "ఒకసారి వచ్చింది కదా, ఇంక రాదు" అని ఆయన ధైర్యం. బెంగళూరులో ఉన్న తమ్ముడు పొలమంతా కౌలుకి ఇచ్చేయమంటున్నాడు. ఈవిడ భర్త బాబుని వేసవి సెలవులకి ఊరు పంపలేదు, దసరాకి కూడా వద్దంటున్నాడు, తాతయ్యేమో "నా మనవడు నన్ను చూసి భయపడుతున్నాడా" అని ఫోన్‌లో అడిగారట. అమ్మ ఇంటి చుట్టూ ఎలుకల మందు ట్యూబులు పెట్టింది. ఇంకా ఒకటుంది, చివరి పేజీలో, అడ్డంగా రాసి కొట్టేసి మళ్లీ రాసిన ముక్క. ఊళ్లో కాలవ గట్టు మీద ఉండే యానాది కుటుంబం ఒకటి ఇరవై ఏళ్లుగా వీళ్ల పొలంలో ఎలుకలు పడుతోంది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు భయంలో ఈవిడే ఎవరితోనో ఫోన్‌లో "ఆ ఎలుకలు పట్టేవాళ్ల నుంచే అంటుకునుంటుంది" అన్నారు. అది ఊరంతా పాకింది. అమ్మ ఆ ఎలుకలు పట్టే ఆయన్ని వాకిట్లోకి రానివ్వడం మానేసింది, మిగతా రైతులూ పిలవలేదు, ఆ సీజన్‌లో ఆయనకి పనే లేదు. "నాన్నని ఆపాలా, బాబుని పంపాలా, ఆ మనిషికి ఏం చెప్పాలి" అని మూడు ప్రశ్నలు అడిగారు.

అమ్మా, ముందు ఒక పని చేసి తర్వాత మిగతాది చదవండి. మీ అమ్మగారికి ఫోన్ చేసి ఆ ట్యూబులు ఏ రకమో అడగండి. టూత్‌పేస్ట్‌లా ఉండే మందైతే అందులో ఉండేది పసుపు భాస్వరం కావచ్చు, దానికి విరుగుడు లేదు. తిన్న మనిషి మొదటి రోజు వాంతులు చేసుకున్నా పెద్దగా ఏమీ కానట్టే కనిపించొచ్చు, వాంతులు తగ్గిపోయాయి కదా అని ఇంటికి కూడా తీసుకొచ్చేస్తారు, తర్వాత రెండు మూడు రోజుల్లో లివర్ పోవచ్చు. పిల్లలు నిజంగానే పేస్ట్ అనుకుని నోట్లో పెట్టుకున్న కేసులున్నాయి. మీ ఆయన బాబుని ఎలుకల భయంతో ఆపుతున్నాడు గానీ, ఆ ఇంట్లో ఎలుక కంటే ముందు భయపడాల్సింది ఆ ట్యూబ్‌కి. ఎన్ని కొన్నారో, ఎక్కడెక్కడ పెట్టారో లెక్కపెట్టి తీయించండి. ఇంట్లోకి బోను చాలు, లేదా పిల్లి.

నా సంగతి కొంచెం చెప్తా, ఎందుకంటే మీ ఉత్తరంలో వైడాల్ అన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను. నేను డాక్టర్ని కాదు, ముప్పై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఎన్ని వైడాల్ రిపోర్టులు చేసిచ్చానో నాకే గుర్తులేదు. టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో ఎప్పుడో పాతికేళ్ల కింద వచ్చి పోయిన వాళ్లకీ, ఇంకేదో జ్వరం ఉన్నవాళ్లకీ కూడా ఆ టెస్ట్ పాజిటివ్ చూపించొచ్చు, ఒక్కసారి చేసిన వైడాల్‌ని పట్టుకుని టైఫాయిడ్ అని ఖాయం చేయకూడదు, ఇది అందరికీ తెలుసు, అయినా అందరం అదే చేశాం. వానాకాలంలో ఒక కౌలు రైతు వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, పిక్కలు పట్టుకుంటే కేక పెట్టాడు, నేను వైడాల్ చేసి పాజిటివ్ అని రాసిచ్చా. ఆ పిక్కల నొప్పి ఏంటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అతను మీ నాన్నగారంత అదృష్టవంతుడు కాదు. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగు అవుతుంది, ఓర్చుకోండి.

ఈ జ్వరం ఎలా వస్తుందో సరిగ్గా తెలిస్తే మీ మూడు ప్రశ్నల్లో సగం చిక్కు విడిపోతుంది. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఎలుక కిడ్నీల్లో కాపురం పెడుతుంది. ఎలుకకి ఏమీ కాదు, హాయిగా తిని తిరుగుతుంది, ఉచ్చ పోసినప్పుడల్లా అది బయటికి వస్తుంది. ఎండలో ఎండిపోతే తొందరగా చచ్చిపోతుంది, కానీ తడి మట్టిలో, నిలవ నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. అంటే వరి పొలం దానికి పుట్టిల్లు లాంటిది. నాట్లప్పుడు రోజంతా నీళ్లలో నాని కాళ్లు తెల్లబడి వేళ్ల సందులు ఒరిసిపోతాయి, మడమల పగుళ్లు ఉంటాయి, గడ్డి కోసిన గాట్లు ఉంటాయి, ఆ దారిన లోపలికి పోతుంది. కళ్లు, ముక్కు, నోరు కూడా దారులే. సాధారణంగా వారం రెండు వారాల్లో జ్వరం మొదలవుతుంది, ఒక్కోసారి నెల దాకా పట్టొచ్చు.

ఇది ఎలుక ఒక్కదానిదే పాపం కూడా కాదు. గేదెలకీ ఆవులకీ సోకుతుంది, వాటికి ఈసుకుపోవడం (కడుపు పోవడం), పాలు తగ్గిపోవడం అలా బయటపడుతుంది. కుక్కలకీ, పందులకీ సోకుతుంది, ఇవన్నీ మూత్రంలో వదిలేవే. మీ ఇంట్లో పాడి ఉందని రాశారు, కొట్టంలో ఉచ్చ గుంట ఎవరు ఎత్తిపోస్తారు? మీ నాన్నగారే అయ్యుంటారు. అంటే ఆయనకి పొలంలోనే వచ్చిందా, కొట్టంలో వచ్చిందా, కాలవలో కాళ్లు కడుక్కున్నప్పుడు వచ్చిందా ఎవరూ చెప్పలేరు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు, ఆ ఎలుకలు పట్టే ఆయన నుంచి రాలేదు. మనిషి నుంచి మనిషికి ఇది అంటుకోవడం చాలా చాలా అరుదు, పక్కన కూర్చుంటే, వాకిట్లోకి వస్తే, చేతులు తగిలితే వచ్చేది కాదు. 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే డాక్టర్ ఈ జ్వరాన్ని వర్ణించి రాశాడు, దాని కారణం ఏంటో 1915 దాకా తెలియలేదు, జపాన్‌లో ఇనడా, ఇడో అనేవాళ్లు బొగ్గు గని కార్మికుల్లో ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. మన అండమాన్‌లో కూడా చాలా ఏళ్లు ఏదో అంతుపట్టని రక్తస్రావ జ్వరం అనుకున్నారు, తీరా చూస్తే ఇదే. గని అయినా పొలం అయినా తడిలో పనిచేసేవాడి జబ్బు ఇది. మలయాళంలో దీన్ని ఎలిప్పని అంటారు, అచ్చంగా ఎలుక జ్వరం అనే అర్థం. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి పది లక్షల మందికి పైగా వస్తుందని, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారని 2015లో ఒక అంచనా వేశారు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. "ఒకసారి వస్తే మళ్లీ రాదు" అన్నది ఆటలమ్మకి సరిపోతుందేమో గానీ దీనికి కాదు. లెప్టోస్పైరాలో 250కి పైగా రకాలున్నాయి, ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పనిచేయదు. ఇది ఆయనకి మీరు చెప్తే వినరు, కిడ్నీ డాక్టర్ దగ్గరికి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ నోటితో చెప్పించండి.

మీ తమ్ముడు చెప్పే దారి, మొత్తం కౌలుకి ఇవ్వడం. ఆయన బురదలో దిగకపోతే ప్రమాదం బాగా తగ్గుతుంది, నిజమే. కానీ మీ తమ్ముడిని ఒకటి అడగండి, ఇచ్చాక నాన్న పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడు? 61 ఏళ్ల రైతుని అరుగు మీద కూర్చోబెడితే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశా, మా మావయ్య మూడు నెలలు కూర్చుని నాలుగో నెల ఎవరికీ చెప్పకుండా పక్కవాడి పొలంలో కూలికి వెళ్లాడు, కూలి డబ్బులు కూడా తీసుకోలేదు. పైగా కొట్టం, కాలవ, ఇంటి చుట్టూ గుంటలు ఎటూ పోవు, అప్పు తీరాలంటే కౌలు డబ్బు ఎంతవరకు సరిపోతుందో అదీ లెక్క వేసుకోవాలి.

ఇంకో దారి, కౌలు రెండెకరాలు వదిలేసి సొంత మూడెకరాలు ఉంచుకోవడం, ఆయన గట్టు మీద నుంచే చూసుకోవడం. నాట్లు మానేసి వెదజల్లడమో, డ్రమ్ సీడరో (విత్తనాలు నేరుగా వరసల్లో వేసే పరికరం) మీ కృష్ణా డెల్టాలో చాలామంది చేస్తున్నారు, బురదలో వంగి గడిపే రోజులు తగ్గుతాయి. కాకపోతే కలుపు ఎక్కువ వస్తుంది, మందు ఖర్చు పెరుగుతుంది, పొలం చదును సరిగ్గా లేకపోతే మొలక సరిగ్గా రాదు. ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను, ఆయన గట్టు మీద ఉండి కూలీలని దింపితే ప్రమాదం పోయినట్టు కాదు, నాట్లేసే ఆడవాళ్ల కాళ్లకి మారినట్టు. వాళ్లకి జ్వరం వస్తే విజయవాడ ఆస్పత్రి దాకా తీసుకెళ్లేది ఎవరు? ఏ దారి పట్టినా ఇది మనసులో పెట్టుకోండి.

మూడోది ఆయన కోరుకునేది, దిగడమే. దిగితే మాత్రం కొన్ని షరతులుండాలి. గమ్‌బూట్లు వేసుకోమని పుస్తకాల్లో రాస్తారు, నాట్ల బురదలో బూటు ఒకచోట కాలు ఒకచోట ఉంటాయి, రాసినవాళ్లు ఎప్పుడూ మడిలో దిగి ఉండరు. కొట్టం శుభ్రానికి, గట్లు చెక్కడానికి అయితే బూట్లు పనికొస్తాయి. మడిలోకి అయితే గాటు ఉన్న రోజు దిగకపోవడం, పగుళ్లకి నీళ్లు దూరని ప్లాస్టర్ వేసుకోవడం, గట్టెక్కగానే కాలవలో కాకుండా బోరు నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోవడం, ఆ చేత్తోనే బీడీ ముట్టించకపోవడం. డాక్సీసైక్లిన్ అనే మాత్ర ముందుజాగ్రత్తగా వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాములు ఇచ్చే పద్ధతి ఉంది, 2018లో కేరళ వరదలప్పుడు సహాయ పనుల్లో దిగినవాళ్లకి అలాగే ఇచ్చారు. అది పూర్తి కవచం కాదు, ఏడాది పొడవునా మింగేదీ కాదు, నీళ్లలో పని ఎక్కువున్న కొద్ది వారాలకి మాత్రమే. మీ నాన్నగారి కిడ్నీల చరిత్ర తెలిసిన డాక్టర్ రాస్తేనే వాడాలి, షాపులో అడిగి కొనుక్కోవద్దు. రాస్తే అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్లతో, వేసుకున్న వెంటనే పడుకోకుండా, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది.

నన్నడిగితే రెండో దారికే కొంచెం మొగ్గు, కానీ నిర్ణయం ఆయన చేతుల్లో పెట్టండి, ఎందుకంటే మీరు ఆపినా ఆయన దొంగతనంగా దిగుతారు, దొంగతనంగా దిగినవాడు జ్వరం వస్తే దాస్తాడు. పోయినసారి ఆయన్ని ప్రాణం మీదకి తెచ్చింది బురద కంటే ఆ ఆరు రోజులు. మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడితే చాలామందికి మామూలు మాత్రలతో పోయే జబ్బు ఇది. అందుకని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి, పొలం పని రోజుల్లో జ్వరం, దానితో పాటు పిక్కలు, నడుము విపరీతంగా నొప్పి, పుసి లేకుండా ఎర్రబడిన కళ్లు కనిపిస్తే మర్నాటికే పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, వెళ్లగానే మొదటి మాటగా "వరి పొలంలో పనిచేస్తా, పోయినేడు లెప్టో వచ్చింది" అని చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్, వైరల్ అని వారం తిరుగుతారు. లెప్టోకి చేసే ఐజీఎం అనే రక్త పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావచ్చు, పైగా ఆయనకి పాత యాంటీబాడీలు ఉండి తికమక పెట్టొచ్చు, కాబట్టి కాగితం కోసం ఆగకుండా అనుమానంతోనే మందు మొదలుపెట్టడం డాక్టర్లకి మామూలే. ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం ఇక జన్మలో వద్దు, ఆ కిడ్నీలకి అది మంచిది కాదు.

బాబు విషయం తేలిక, మీ ఆయన ఒప్పుకోడు గానీ. తాతయ్య నుంచి వాడికి ఏమీ రాదు, ఇది మాత్రం ఈ రోజే ఫోన్ చేసి మీ నాన్నగారికి చెప్పండి, ఆయన లోపల ఏదో అంటురోగం మోస్తున్నట్టు కుమిలిపోతున్నారు. మీ ఆయనకి ఇంకోటి చెప్పండి, 2005 జూలైలో ముంబై మునిగినప్పుడు మోకాలి లోతు నీళ్లలో నడిచి ఇళ్లకి వెళ్లినవాళ్లలోనే లెప్టో బాగా వచ్చింది, వాళ్లు రైతులు కాదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానకి నీళ్లు నిలబడితే అక్కడా ఎలుకలే ఈదేది. ఊరికి పంపకపోతే వాడికి ఎలుక దూరం కాదు, తాత దూరం అవుతాడు. పంపితే చెప్పులు లేకుండా తిరగనివ్వొద్దు, కాలవలో ఈతకి, గుంటల్లో ఆటకి వద్దు, తినే ముందు సబ్బుతో చేతులు. ధాన్యం పురిలో, గాదె దగ్గర ఎలుక పెంట కనిపిస్తే పొడి చీపురుతో ఊడ్చొద్దు, బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు ఆగి తడిగుడ్డతో ఎత్తాలి.

వాడు తిరిగొచ్చాక నెల రోజుల్లో జ్వరం వస్తే పిల్లల డాక్టర్‌కి "ఊరెళ్లొచ్చాడు" అని చెప్పండి. ఇంకొకటి కూడా చూడాలి, స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఎలుకల మీద బతికే నల్లికంటే చిన్న పురుగు పిల్లలు కుడితే వస్తుంది, మన రాష్ట్రంలో ఉన్న జబ్బే. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, నొప్పి దురద ఉండవు కాబట్టి ఎవరూ చూసుకోరు. స్నానం చేయించేటప్పుడు చంకలు, గజ్జలు, చెవి వెనక, మొలతాడు కింద చూడండి. దానికీ మందు ఉంది, తొందరగా పడితే బాగా పనిచేస్తుంది.

ఇక చివరి పేజీ. అడ్డంగా కొట్టేసి మళ్లీ రాశారంటే మీకే తెలుసు ఇది ఎంత బరువో. జరిగింది చూడండి, ఆయన్ని పిలవడం మానేశారు, గట్ల మీద బొరియలు అలాగే ఉండిపోయాయి. మీ డెల్టా గట్ల మీద మట్టి కుప్పలు పోసి, వెన్నులు కోసుకెళ్లి లోపల దాచుకునే ఆ ఎలుక పందికొక్కు జాతిదే (ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అనేది మన పందికొక్కునే, మాట మన దగ్గర నుంచే పట్టుకెళ్లారు). మూడు వారాల్లో ఈనుతుంది, ఈతకి అరడజను పైనే. అంటే మీ నాన్నకి జబ్బు తెచ్చిన ఎలుకలని తగ్గించే ఒక్క మనిషినీ పొలాల నుంచి వెళ్లగొట్టి, ఎలుకలని పొలాల్లో ఉంచుకున్నారు. ఆయన ఎలుకలు చిక్కే బుట్టలు పెడతాడు, కుండలో గడ్డి పెట్టి పొగ ఊదుతాడు, బొరియ తవ్వి ఒట్టి చేత్తో లాగుతాడు, ఎలుకకి ఇంత అని తీసుకుంటాడు. మీ ఊళ్లో ఈ జబ్బుకి అందరికంటే దగ్గరగా బతుకుతున్నది ఆయనే, ఆయనకి ఎన్నిసార్లు జ్వరం వచ్చి పోయిందో ఎవరైనా అడిగారా?

ఊరుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు, రెండేళ్లకి జనం మర్చిపోతారు, ఆయన కుటుంబం మర్చిపోదు, మీరూ మర్చిపోరు. ఫోన్‌లో సారీ చెప్పొచ్చు, ఆయన "పర్లేదమ్మా" అంటాడు, అది మర్యాదకి అనే మాట, వాకిలి మూసే ఉంటుంది. డబ్బు పంపొచ్చు, దానం అనుకుంటాడు. నాకు తోచింది చెప్తా, మీరు పుట్టించిన మాట కాబట్టి మీరే ఊళ్లోకి వెళ్లి తీసేయాలి. ముందు మీ అమ్మగారికి "ఆ మాట నేనే అన్నా, తప్పు" అని ఒప్పుకోండి, ఇది అన్నిటికంటే కష్టం, ఆవిడ నాలుగు తిడుతుంది, తిట్టనివ్వండి. తర్వాత సహకార సంఘం దగ్గరో, టీ కొట్టు దగ్గరో నలుగురు రైతులున్నప్పుడు మీ నాన్నగారి చేతే చెప్పించండి, చచ్చి బతికిన మనిషి మాటకి ఉండే బరువు మీ నా మాటకి ఉండదు.

అదే ఊపులో పనికొచ్చేది ఇంకోటి మాట్లాడించండి. ఎలుకల నివారణ ఒక్క మీ మూడెకరాల్లో చేస్తే వారంలో పక్క పొలం నుంచి దిగుతాయి, ఆయకట్టు మొత్తం ఒకేసారి చేయాలి, అదీ నారుమడి టైంలో, పొలంలో తిండి తక్కువగా ఉన్నప్పుడు. మందు ఎరలు పెట్టాలనుకుంటే వ్యవసాయ శాఖ వాళ్లని పిలవండి, పశ్చిమ గోదావరిలో మార్టేరు పరిశోధనా స్థానంలో ఎలుకల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. జింక్ ఫాస్ఫైడ్ అయితే ముందు ఉత్త నూకలు అలవాటు చేయాలి, నేరుగా పెడితే ఒకటి రెండు చచ్చాక మిగతావి ముట్టవు. చచ్చినవాటిని చేత్తో తీయకుండా లోతుగా పూడ్చాలి. గట్లు సన్నగా పెట్టి, గడ్డి చెక్కేస్తే బొరియలకి చోటే తగ్గుతుంది.

ఆయన దగ్గరికి మాత్రం మీరే నడిచి వెళ్లండి, కబురు పెట్టి పిలిపించుకోవద్దు. చెప్పాల్సింది చెప్పాక ఎక్కువసేపు ఏడవకండి, ఆయన మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఈ సార్వాకి బుట్టలు ఎప్పుడు పెడతారు, ఎలుకకి ఎంత అని బేరం అడగండి, పోయినేటికంటే ఒక రూపాయి ఎక్కువే ఒప్పుకోండి. చేతికి మందంపాటి తొడుగులు, బూట్లు కూలి లెక్కలోకి రాకుండా పొలం వాళ్లే కొనివ్వాలని రైతులతో ఒప్పించండి, జ్వరం వస్తే ఆయన్నీ మీ నాన్న వెళ్లే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్తామని కూడా. ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు, వద్దనే హక్కు ఆయనకి ఉంది. ఒప్పుకుని మొదటి రోజు ఇంటికి వస్తే మంచినీళ్లు మీ అమ్మగారే తెచ్చివ్వాలి, మీరు కాదు.